చలికాలపు గోదావరి: మూడు వంతెనలు, ఒక ఆనకట్ట, ఒక పెళ్లి

నది ఒడ్డున నగరాలు – 9

గోదావరిని చూడాలంటే ఆగస్టులోనే చూడాలంటారు. ఎర్రటి వరద, గట్టు మీద జనం, టీవీలో ధవళేశ్వరం దగ్గర ఒకటో ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక... నది బలం తెలియాలంటే అదే కాలం, కాదనలేం. కానీ ఆ నది ఒడ్డున ఉన్న ఊరి సంగతి తెలియాలంటే జనవరిలో వెళ్లాలి. వరద ఎప్పుడో దిగిపోయి, లంకలు తేలి, ఇసుక తిన్నెలు ఎండలో మెరిసే రోజుల్లో వెళ్లాలి. రాజమండ్రి చరిత్రలో పెద్ద పనులు చాలావరకు నీరు తగ్గిన నెలల్లోనే జరిగాయి. సైన్యాలు నది దాటిందీ, ఆనకట్టకు రాళ్లు పడిందీ, వంతెన స్తంభాలకు పునాదులు దిగిందీ అప్పుడే. ఊరిని అట్టుడికించిన ఒక పెళ్లి కూడా డిసెంబరులోనే జరిగింది. దానికీ నీటి మట్టానికీ సంబంధం లేదు. నీటితో మాత్రం ఉంది, ఆ కథ తర్వాత.

గత సంచికలో నాసిక్ దగ్గర గోదావరి పుట్టుక చూశాం. ఈసారి హైదరాబాదులో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సంక్రాంతి సెలవులకు రాజమండ్రి వస్తున్న ఒక కుటుంబం వెంట నడుద్దాం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నాన్నమ్మ. అలాంటి కుటుంబాలు ఆ వారంలో రైలంతా ఉంటాయి. కొవ్వూరు దాటుతుండగానే నాన్నమ్మ దుప్పటి తీసేసి పిల్లల్ని తట్టి లేపుతుంది.

“లేవండర్రా, గోదారొచ్చింది!”

చిల్లర చేతికిస్తుంది. మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి వేసిన రూపాయి నీళ్లలో పడిందో, ఇసుకలో పడిందో, గర్డరుకు తగిలి ఆగిందో ఎవరికీ కనిపించదు. తెల్లారుతుండగా పక్కన మరో వంతెన మసకగా తేలుతుంది. “ఇన్ని బ్రిడ్జీలు ఎందుకు నాన్నమ్మా?” అని చిన్నది అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు నూట పాతికేళ్ల కథ.

బెజవాడ నుంచి ఉత్తరానికి తూర్పు తీరపు రైలు మార్గం 1890లలో పడింది. పట్టాలు గోదావరికి ఈ ఒడ్డుదాకా వచ్చాయి, ఆ ఒడ్డు నుంచి మళ్లీ మొదలయ్యాయి. మధ్యలో నది. ప్రయాణికులు సామాను దించుకుని రేవు దాటి, అవతల మళ్లీ రైలెక్కాల్సి వచ్చేది. ఆ ఖాళీని పూడ్చే పని 1897 నవంబరు 11న మొదలైంది. తేదీని బట్టే తెలుస్తుంది, వరద తగ్గాకే మొదలుపెట్టారు. పని నడిపించిన ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్‌కు అంతకుముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టించిన అనుభవం ఉంది. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు, మొత్తం 2.7 కిలోమీటర్లకు పైగా పొడవు. మూడేళ్లు తిరక్కుండానే 1900లో దాని మీద రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. ఊరివాళ్లకు ఇప్పటికీ అది హేవ్‌లాక్ బ్రిడ్జే. 1997లో దానికి విశ్రాంతి ఇచ్చారు.

రెండోది 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన. కింద రైలు, పైన బస్సు. అంతకుముందు కొవ్వూరు వైపు నుంచి బస్సులో వచ్చినవాళ్లకు ఊరు ఎదురుగా కనబడుతూనే ఉండేది, చేరాలంటే మాత్రం లాంచీయో రైలో ఎక్కాలి. నాన్నమ్మ తరం వాళ్లకు ఆ లాంచీ రేవు బాగా గుర్తు. సామాను, పసిపిల్లలు, పెళ్లి బుట్టలు, కోళ్ల గంపలు అన్నీ ఒకే లాంచీలో. మూడోది, ఇప్పుడు ప్రతి సినిమా పాటలోనూ కనిపించే విల్లు కమానుల వంతెన. 28 కమానులు, ఒక్కోటి 97 మీటర్ల పైచిలుకు. హేవ్‌లాక్ వంతెన రిటైరైన 1997లోనే ఇది పూర్తయింది. ఫొటోలన్నీ దీనికే పడతాయి. కానీ పనితనం చూడాలంటే పక్కన ఖాళీగా నిలబడిన పాత వంతెన స్తంభాల దగ్గరికి వెళ్లాలి. నూరు వరదలు చూసిన రాతి కట్టడం అది.

స్టేషన్లో దిగి, హోటల్లో సామాను పడేసి, కుటుంబం పుష్కరాల రేవుకు వస్తుంది. జనవరి పొద్దున చలికి పిల్లలు నీళ్లలో కాలు పెట్టి వెనక్కి తీస్తారు. నాన్నమ్మ మాత్రం గట్టిగా మూడు మునకలు వేస్తుంది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పైన భద్రాచలం వైపు నది బక్కచిక్కి ఇసుక పరుచుకుని ఉన్నా, రాజమండ్రి రేవుల్లో మెట్ల దాకా నీళ్లుంటాయి. ఏడెనిమిది కిలోమీటర్ల దిగువన ధవళేశ్వరం దగ్గర నదిని ఆపినందువల్ల నీళ్లు ఇక్కడి దాకా ఎగదన్ని నిలుస్తాయి. చలికాలంలోనూ రేవులో మునిగి స్నానం చేయగలుగుతున్నామంటే అది ఆనకట్ట చలవే. అందుకే గోదావరి స్నానం చేస్తూ ఒక ఇంగ్లీషు ఇంజనీరును భగీరథుడిగా తలుచుకునే సంస్కృత శ్లోకం ఈ ఒడ్డున పుట్టింది. భక్తితో అల్లిన శ్లోకమే అయినా, అందులో లెక్క తప్పలేదు.

ఆ ఇంజనీరు ఆర్థర్ కాటన్. 1803లో పుట్టాడు, చిన్న వయసులోనే మద్రాసు ఇంజనీర్లలో చేరాడు. అతను గోదావరికి రాకముందు ఈ జిల్లా పరిస్థితి ఏమిటో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7.38 లక్షలు, 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. మధ్యలో 1832–33 కరువు వచ్చింది, జనం దాన్ని డొక్కల కరువని చెప్పుకున్నారు. 1839 నవంబరులో తుపాను తీరాన్ని ఊడ్చేసింది. వీటికి తోడు శిస్తు ఒత్తిడి. చచ్చినవాళ్లు చావగా, బతికినవాళ్లలో చాలామంది ఊళ్లు వదిలి వెళ్లారు. ఏటా సముద్రంలోకి పారిపోయే నది పక్కనే జనం ఆకలితో చావడం కంపెనీ ప్రభుత్వానికి సిగ్గనిపించిందో లేదో గానీ, శిస్తు పడిపోవడం మాత్రం బాగా కనిపించింది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దుస్థితిపై నివేదిక ఇచ్చాడు. కాటన్ ఆ తర్వాత నది పొడవునా తిరిగి, కావేరి డెల్టా పంటలను చూపించి, గోదావరి ఆనకట్ట ఎందుకు లాభమో లెక్కలు వేశాడు. 1846లో అనుమతి, 1847లో పని మొదలు, 1852లో పూర్తి.

అసలు చిక్కు పునాది దగ్గర. ధవళేశ్వరం దగ్గర నది అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. ఇసుక మీద గోడ నిలుస్తుందా? నిలుస్తుందని తమిళనాట కావేరి మీద శతాబ్దాలుగా నిలబడిన కల్లణై చెబుతోంది. పాతకాలపు ఆ కట్టడాన్ని చూసి, దాని కిటుకు పట్టుకున్నానని కాటన్ దాచుకోలేదు. ఇసుకలో తక్కువ లోతున బావులు దించి, వాటి మీద గోడ లేపి, లోపల విడి రాళ్లు పోసి, పైన గచ్చు కట్టి, దిగువన వాలుగా రాళ్ల పరుపు పరిచారు. వరద దాన్ని ఢీకొట్టకుండా మీద నుంచి జారి పోవాలని ఆ ఏర్పాటు. నది అక్కడ లంకల మధ్య పాయలుగా చీలుతుంది కాబట్టి ఆనకట్ట ఒక్క ముక్క కాదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. రాయి ధవళేశ్వరం కొండలోనిదే. వేలమంది కూలీలు ఏటా వరద తగ్గాక దిగి, మళ్లీ నీళ్లు వచ్చేలోపు పని ముగించాలి. కాటన్ దగ్గర కుడిభుజంగా పనిచేసిన వీణెం వీరన్న పేరు ఇక్కడ తప్పకుండా చెప్పుకోవాలి. కూలీలను సమకూర్చడంలోనూ, పని నడిపించడంలోనూ ఆయన చేసినదానికి గుర్తింపుగా ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. కాటన్ విగ్రహాలు డెల్టాలో ఊరూరా ఉన్నాయి. వీరన్నను ఎరిగినవాళ్లు తక్కువ.

ఇప్పుడు కనిపించేది కాటన్ కట్టిన ఆనకట్ట కాదు. 1970లో మొదలై 1982లో పూర్తయిన బ్యారేజీ, మొత్తం 175 గేట్లు. 1986 ఆగస్టులో దీని మీదుగా 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. జనవరిలో అదే చోట నిలబడి దిగువకు చూస్తే, పిల్లవాడు నమ్మడు. “నాన్నా, నది ఏదీ?” అంటాడు. గేట్లు దించి ఉంటాయి, అవతల కంటికి ఆనినంత మేర ఇసుక, మధ్యలో సన్నటి పాయలు.

నీళ్లు ఎక్కడికి పోయాయో తెలియాలంటే కాలువల తలుపుల దగ్గరికి రావాలి. తూర్పు డెల్టాకు, మధ్య డెల్టాకు, పశ్చిమ డెల్టాకు వేరువేరుగా కాలువలు నిండుగా పోతుంటాయి. సంక్రాంతి అంటే ఇక్కడ సార్వా (ఖరీఫ్) ధాన్యం ఇంటికి వచ్చి, దాళ్వా (రబీ) నాట్లు పడే సమయం. సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు ఇది. సార్వాకు వరద నీరే ధారాళం. దాళ్వాకు మాత్రం ప్రతి క్యూసెక్కుకూ లెక్క. నదిలో సహజంగా వచ్చే నీరు చాలక, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి కోసం రైతు, అధికారి ఇద్దరూ ఎదురుచూస్తారు. ఎక్కడో కొండల్లో కరెంటు తయారుచేసి దిగిన నీరు కోనసీమ మడిలోకి వస్తుంది. అదీ చాలకపోతే వంతులవారీ. కాటన్ ఆనకట్ట అసలు విలువ వరదలో తెలిసేది కాదు. దాళ్వా మడిలోనే తెలుస్తుంది.

ధవళేశ్వరంలో కాటన్ నివసించిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆనకట్ట నమూనాలు, పాత ఫొటోలు ఉన్నాయి. పిల్లలకు అరగంటకు మించి పట్టదు, పెద్దలకు ఒక పూట పడుతుంది. తెలుగులో తొలి నవలల్లో ఒకటిగా చెప్పుకునే ‘రాజశేఖర చరిత్రము’ కథ మొదలయ్యేది కూడా ఈ ధవళేశ్వరంలోనే. అది రాసినాయన కోసం తిరిగి ఊళ్లోకి రావాలి.

వంకాయలవారి వీధిలోని ఆయన ఇంట్లో 1881 డిసెంబరు 11 రాత్రి ఒక పెళ్లి జరిగింది. గోగులపాటి శ్రీరాములు వరుడు, బాలవితంతువు వధువు. ఆంధ్రదేశంలో తొలి వితంతు వివాహంగా చరిత్రకెక్కింది అదే. జరిపించింది కందుకూరి వీరేశలింగం, అప్పటికి ముప్పై మూడేళ్లవాడు, స్కూలు పంతులు, ‘వివేకవర్ధని’ సంపాదకుడు. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యది. పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ ఊరేగించేటప్పుడు విద్యార్థులు చుట్టూ కాపలా నిలబడ్డారు. పోలీసుల బందోబస్తూ ఉంది. నాలుగు రోజులు గడవకముందే రెండో పెళ్లి.

చరిత్ర పుస్తకాల్లో వీరేశలింగం ఉపన్యాసాలు, వాదాలు ఉంటాయి. ఇంట్లో ఏం జరిగిందో అంతగా ఉండదు. పెళ్లి ఖాయమైందని తెలియగానే వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు రానన్నారు. పురోహితులు దొరకలేదు. దగ్గరివాళ్లు ముఖం చాటేశారు. పెళ్లివారింటికి వచ్చినవాళ్లకు అన్నం వండాలి, తాగడానికి నీళ్లు కావాలి. కుళాయిల కాలం కాదు. అప్పుడు వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ బిందె తీసుకుని గోదావరికి వెళ్లి, తానే నీళ్లు మోసుకొచ్చి, తానే వండిపెట్టింది. డిసెంబరు చలి, రేవు నుంచి ఇంటిదాకా వీధులు, దారి పొడవునా తలుపుల వెనక నుంచి చూసే కళ్లు. ఆ తర్వాత పెళ్లికి వెళ్లినవాళ్లను వెలి వేస్తూ పీఠం నుంచి ఆజ్ఞ వచ్చింది. భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నవాళ్లూ ఉన్నారు. రాజ్యలక్ష్మమ్మ వెనక్కి తగ్గలేదు. 1910లో చనిపోయేదాకా ఆ ఇంటికి వచ్చిన వితంతువులకు ఆమే అమ్మ. వితంతు వివాహాల చరిత్ర రాసేవాళ్లు మొదటి పేజీ ఉపన్యాసానికి ఇస్తారు. ఈ వ్యాసకర్త అయితే ఆ బిందెకే ఇస్తాడు.

ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది, స్మారకంగా చూడొచ్చు. 1890లో ఆయన కట్టించిన పురమందిరం, అంటే టౌన్‌హాలు, ఉంది. దంపతుల సమాధులు ఆనందోద్యానంలో ఉన్నాయి. నాన్నమ్మ ఆ ఇంటి గడప దాటుతూ చెప్పులు విడిచింది. ఎవరూ విడవమనలేదు.

ఇక వెనకటి రాజుల సంగతి. ఊరంటే రాజరాజనరేంద్రుడు, నన్నయ అని బడిలో చెప్పేదే అందరికీ గుర్తు. 1022లో పట్టాభిషేకం, ఆ ఆస్థానంలో భారతాంధ్రీకరణ ఆరంభం, ఇది నిజమే. ఊరు మాత్రం ఆయన పేరున వెలసిందా, అంతకు వందేళ్ల ముందు రాజమహేంద్ర బిరుదున్న అమ్మరాజు పేరునా అని చరిత్రకారులు తగవులాడుకుంటూనే ఉన్నారు. 1922లో ఆ పట్టాభిషేకానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయని ఊళ్లో పండగ చేశారు, ఆ ఏడాదే ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. మండలివారు పోగుచేసిన శాసనాలు, నాణేలు, తాళపత్రాలే గోదావరి గట్టున రాళ్లబండి సుబ్బారావు మ్యూజియానికి పునాది. మెయిన్ రోడ్డు మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం కూడా ఉంది. ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లును పట్టుకున్న మరుసటి ఏడాదే అవి గోదావరి దాకా వచ్చాయని చెప్పే రాయి అది. కొనుగోళ్ల హడావిడిలో దాని ముందు నుంచే వేలమంది నడిచిపోతుంటారు. రెడ్డి రాజులు, గజపతులు, కుతుబ్ షాహీలు, నిజాం మనుషులు ఒకరి తర్వాత ఒకరు ఇక్కడ కూర్చున్నారు. అదంతా చెప్పాలంటే వేరే సంచిక కావాలి.

ఒక్క చలికాలపు యుద్ధం మాత్రం వదలకూడదు. 1758 డిసెంబరులో క్లైవు పంపగా బెంగాలు నుంచి వచ్చిన కర్నల్ ఫోర్డు, విజయనగరం ఆనంద గజపతితో కలిసి పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివారిని ఓడించాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ రాజమండ్రికి పారిపోయి వచ్చి, ఇక్కడా నిలవలేక నది దాటాడు. ఊరు ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. తరిమికొట్టాల్సిన సైన్యం వారాల తరబడి కదల్లేదు. ఖర్చులు ఎవరు పెట్టుకోవాలనే దగ్గర రాజాగారికీ కర్నలుగారికీ పేచీ. ఆ తగువు తీరి, వాళ్లు కదిలి, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట తీసుకునేదాకా ఉత్తర సర్కారుల భవిష్యత్తు గోదావరి ఒడ్డున జీతాల లెక్కల మధ్య ఆగిపోయింది.

మధ్యాహ్నం తర్వాత కుటుంబం దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్తుంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925 ఫిబ్రవరిలో మశూచితో పోయిన చిత్రకారుడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్‌డ్రే గుర్తించి, బొంబాయి చిత్రకళాశాలకు పంపితే చదువుకుని, తిరిగి వచ్చి సొంత ఊళ్లోనే బొమ్మల బడి పెట్టాడు. గదుల్లో వెలుతురు తక్కువ, చెమ్మ ఎక్కువ. ఇంత విలువైన బొమ్మలకు ఇంతకంటే మంచి గది ఇవ్వలేమా అనిపిస్తుంది.

సాయంత్రం తిండి. రాజమండ్రి వచ్చి రోజ్‌మిల్క్ తాగకపోతే పిల్లలు ఒప్పుకోరు, చలి అయినా సరే. నాన్నమ్మ చూపు మాత్రం బండి మీద తేగల కట్టలపై. తాటి టెంకల్ని పాతిపెడితే వచ్చే మొలకలు, ఈ నెలల్లోనే దొరుకుతాయి. కుండలో కాల్చిన తేగ తొక్క వలిచి, నిలువునా చీల్చి, మధ్యలో ఉండే తెల్లటి చందమామను తీసి చిన్నదాని నోట్లో పెడుతుంది. పీచు పళ్లలో ఇరుక్కుంటుందని మనవడు ఫిర్యాదు. ఇక ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తిరుగు రైలులో ప్రతి సీటు కిందా ఆ డబ్బాలే.

మర్నాడు పాపికొండలకు లాంచీ. ఇక్కడ ఒక మాట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి పదులమంది చనిపోయింది నిండు ప్రవాహంలో. చలికాలంలో నది నెమ్మదిగా ఉంటుంది, అందుకే పర్యాటకానికి ఇదే అదను. అయినా లైఫ్ జాకెట్ తొడుక్కోకుండా, పిల్లలకు తొడగకుండా లాంచీ ఎక్కకండి. తొడుక్కున్న జాకెట్‌ను ఫొటో కోసం విప్పకండి.

హేవ్‌లాక్ వంతెనను నడకదారిగా, పర్యాటక స్థలంగా మారుస్తామన్న మాట ఏళ్లుగా వినిపిస్తోంది. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ జనసముద్రంలో చరిత్ర చూసే తీరిక ఎవరికీ ఉండదు. తీరిగ్గా చూడాలనుకునేవారు ఏ చలికాలమైనా మూడు రోజులు పెట్టుకుని వెళ్లండి. అందులో ఒక పూట ధవళేశ్వరానికి, ఒక పూట వంకాయలవారి వీధికి తప్పనిసరిగా కేటాయించండి.

(వచ్చే సంచికలో: 1839 తుపాను ముంచేసిన కోరంగి రేవు)